ఫ్లాప్ బతికిందా లేదా అని గంటకోసారి సూదితో పొడుస్తుండ్రు, లోపలనే పెట్టే మెషిన్ ఏం లేదా?

దేవరకొండ_సీను
నాయినకు మంగళారం ఆపరేషన్ అయింది, ఎడమ చెంప క్యాన్సర్. తంబాకు, సున్నం ముప్పై ఏండ్ల సంది అదే చెంపల పెట్టిండు, ఎవ్వరు చెప్పినా ఇనలే, ఇప్పుడు అనుకునుడు దండుగ. 9 గంటలు పట్టింది. పాడైన చెంప కోసేసి తొడ కాడికెల్లి చర్మం, కండ తీసి అతికిచ్చిండ్రు, దాన్ని ఫ్లాప్ అంటరట. దానికి రక్తం పారుతుందా లేదా అని గంటకోసారి సిస్టర్ వచ్చి టార్చి కొడ్తది, ఏలుతోటి ఒత్తి చూస్తది, నడుమ నడుమ సూదితోటి పొడుస్తది. మనిషికి కన్ను మూతవడ్తలేదు. గొంతుకాడ పైపు ఉంది, మాట రాదు, పలక మీద రాస్తుండు. రాత్రి రాసిండు ‘పండనియ్యుండ్రి’ అని. నిన్న 3 గంటలకు రావాల్సిన సిస్టర్ నాలుగున్నరకు వచ్చింది, అంత పెద్ద వార్డుకు ఆమె ఒక్కతే, ఆమెనూ ఏమనలేం. నా డౌటు ఏందంటె చేతికి పెట్టుకునే వాచీలే గుండె కొట్టుకునుడు చెప్తున్న ఈ రోజులల్ల గా కండ లోపల చిన్నదేదో పెట్టి ఫోన్‌కు సిగ్నల్ వచ్చేటట్టు చేసేది ఎవ్వలు కనిపెట్టలేదా? ఉంటె ఎంతయితది? బత్తాయి తోట పైసలు ఇంక ఉన్నయి కొన్ని.

పాలమూరు_పిలగాడు
ఫ్లాప్ అంటె సిన్మా అనుకోని లోపలికొచ్చిన. సారీ అన్నా. నాయిన జల్ది మంచిగ కావాలె.

దేవరకొండ_సీను
ఏం పర్వాలే తమ్మీ, మా అవ్వ గూడ అదే అడిగింది డాక్టర్‌ను, ‘ఫ్లాప్ అంటుండ్రేంది సారూ, ఆపరేషన్ మంచిగనే అయిందన్రు గద’ అని. ఆయన నవ్విండు పాపం.

ఐసీయూ_సిస్టర్
ప్లాస్టిక్ సర్జరీ వార్డుల ఆరేండ్లు చేసిన, ఇప్పుడు ఐసీయూల ఉన్న, అందుకే చెప్తున్న. సూది గుచ్చుడు మీకు హింస లెక్క కనిపిస్తది గని దాంట్ల పెద్ద లెక్క ఉంది. తొడ కాడి కండను దాని రక్తనాళాల తోటి సహా కోసి తెచ్చి, మెడల ఉన్న నాళాలకు మైక్రోస్కోపు కింద కుడతరు. ఆ నాళం లోపలి సందు 2, 3 మిల్లీమీటర్లు ఉంటది, కుట్టే దారం ఎంట్రుక కన్న సన్నం. అంత సన్న కుట్టు కాడ రక్తం గడ్డ కట్టే భయం మొదటి 2, 3 రోజులే ఎక్కువ. గడ్డ కడ్తె కొన్ని గంటలల్ల మళ్ల థియేటర్‌కు తీస్కపోయి తీసేయాలె, ఆలస్యం అయితె కండ మొత్తం పోతది. అందుకే గంటగంటకూ చూసుడు. ఒత్తి ఇడిస్తె తెల్లగయి రెండు సెకన్లల్ల రంగు రావాలె. సూది గుచ్చితె ఎర్రటి చుక్క రావాలె. నల్లగ, జల్దిజల్ది వచ్చిందంటె పోయే నాళం మూసుకుంది, అంటె సిర. అసలే రాక, తెల్లగ, సల్లగ ఉంటె తెచ్చే నాళం, ధమని. మాకు రాత్రి డ్యూటీల ఒక్కరికి ఎన్ని బెడ్లు ఇస్తరో రాస్తె ఈ పోస్టు సరిపోదు, మీ సిస్టర్ గంటన్నర లేటయిందంటె పక్క బెడ్డు కాడ ఏదో అయి ఉంటది. అట్లని లేటయితె పర్వాలేదని నేను అంటలే.

దేవరకొండ_సీను
అక్కా గిట్ల ఎవ్వలన్న ముందే చెప్పి ఉంటె సూదికి అంత కోపం వచ్చేది కాదు. నాయినకు చదివి వినిపించిన. పలక మీద ‘సరే’ అని రాసిండు గని మొకం మాత్రం సరే అన్నట్టు లేదు.

సర్క్యూట్_రాజు
మాది మిర్యాలగూడ, పని హైదరాబాద్‌లో, సెన్సర్ బోర్డులు చేస్తాం, వైద్యం కాదు, కాబట్టి తప్పు ఉంటే సిస్టర్ గారు సరిచేయాలి. సీను అన్నా, నువ్వు అడిగింది ఉంది కూడా, లేదు కూడా. వైరు ఉన్నది చాన్నాళ్ల సంది ఉంది: సిర చుట్టూ మెత్తటి సిలికాన్ పట్టీ, దాంట్లో డాప్లర్ ముక్క, రక్తం పారే సప్పుడు బయట మెషిన్‌లో వినిపిస్తుంది. కాకపోతే ఒక సన్న వైరు చర్మంలోంచి బయటికి వస్తది, పని అయినంక లాగేస్తరు. వైర్‌లెస్‌ది ఇంకా పరిశోధనలోనే. 2022లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ఒక పేపర్ వచ్చింది, సరిగ్గా నీ సమస్య మీదే. కండలోకి గుచ్చే సన్న పుల్ల, దాని కొన దగ్గర బుల్లి ఎల్ఈడీలు, వెలుతురు పట్టుకునే ముక్క. కరోనాల వేలికి పెట్టుకున్న ఆక్సీమీటర్ గుర్తుంది కదా, అదే సూత్రం: ఆక్సిజన్ ఉన్న రక్తం ఒక తీరు వెలుతురు మింగుతది, లేనిది ఇంకో తీరు. ఆ ఆక్సీమీటర్‌ను నూరి సూది అంత చేసి కండ లోపల పెట్టినట్టు అనుకో. రీడింగ్ బ్లూటూత్ మీద ఫోన్‌కు వస్తది. పందుల మీద చేసి చూశారు. దుకాణంలో దొరకదు, నువ్వు ఎంతయినా ఇస్తానన్నా ఇప్పుడు రాదు.

పాలమూరు_పిలగాడు
పందికి ముందు, సీనన్న నాయినకు తర్వాత. గిదేం న్యాయం రాజన్నా.

బర్రెల_బాలన్న
పంది సంగతేమో గని బర్రెలకు మాత్రం ఎప్పుడో వచ్చినయి. మా నార్కట్‌పల్లి దిక్కు ఒక పెద్ద డెయిరీ ఆయన చూపిచ్చిండు, గోలీ లెక్క ఉంటది, బొటనవేలు కన్న పెద్దది, గొంతుల ఏస్తె కడుపుల పోయి కూసుంటది, బరువుకు మళ్ల బయటికి రాదు. లోపలికెల్లి జ్వరం ఎంతుందో చెప్తది, నెమరేసుడు తగ్గిందా, ఎదకొచ్చిందా అన్నీ. నా బర్రెలకు చెవుల పసుపు బిళ్ల మాత్రమే ఉంది, 12 అంకెలు. నా ఆధార్‌కు 12, దానికి 12, ఇద్దరం సమానమే. కాకపోతే అది పాలిస్తది.

కోదాడ_కుర్రోడు
హహ. బాలన్న పోస్టు పిన్ చేయండ్రా ఎవరైనా.

కల్వకుర్తి_కిడ్నీ
పేరు చూస్తెనే అర్థమైతది, నాకు కిడ్నీ మార్చి ఐదేండ్లు దాటింది, జీవన్‌దాన్‌ల, అంటె సర్కారు అవయవదానం లిస్టుల, పేరు రాయించుకొని మూడేండ్లు ఎదురు చూసినంక దొరికింది. నా బాధ సీను తమ్ముని బాధనే, కాకపోతె స్లో మోషన్‌ల. వీళ్లకు మూడు రోజులు, నాకు జీవితమంత. కొత్త కిడ్నీ కింద పొట్టల కుడి దిక్కు పెట్టిండ్రు, చెయ్యి పెడితె తెలుస్తది, గని లోపల అది కోపంగుందా మంచిగుందా తెల్వదు. తెలిసేది రక్తంల క్రియాటినిన్ పెరిగినంకనే, అంటె కిడ్నీ బయటికి పంపాల్సిన చెత్త. అప్పటికి లోపల కొట్లాట మొదలై చాన్నాళ్లు అయి ఉంటది. ఇంక డౌటు వస్తె బయాప్సీ, పెద్ద సూదితోటి కిడ్నీ ముక్క తీసుడు. నాకు రెండుసార్లు అయింది, రెండుసార్లు ‘ఏం లేదు పొండి’ అన్నరు. సంతోషమే, గని ఆ వారం రోజులు తిండి పోలే. రాజన్నా, కిడ్నీకి గిట్ల ఏమన్న ఉందా?

సర్క్యూట్_రాజు
ఉందన్నా, అది ఇంకా ఆసక్తి. 2023లో సైన్స్ పత్రికలో, అమెరికా నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లది, జాన్ రోజర్స్ అని ఈ మెత్తటి ఎలక్ట్రానిక్స్‌కు పేరున్న ఆయన టీము. కిడ్నీ మీద ఉండే పల్చటి పొర కింద వెంట్రుక కన్నా కొంచెమే మందం ఉన్న పట్టీ దోపుతారు. అది చూసేది వేడిని. ఒంటికి వాపు వస్తే వేడి ఎక్కుతది కదా, చీము పట్టిన వేలు కాలినట్టు. ఒళ్లు కొత్త కిడ్నీని పరాయిదని కొట్టడం మొదలెడితే కిడ్నీ వేడిలో మార్పు ముందే వస్తది, రక్తపరీక్షలో తేడా రావడానికి మూడు వారాల దాకా ముందే కనిపెట్టింది. ఎలుకల్లో.

కల్వకుర్తి_కిడ్నీ
మూడు వారాలు! ఎలుక అదృష్టమంతురాలు. మూడు వారాలు ముందు తెలిస్తె మందు డోసు పెంచి సర్దొచ్చు. నా పక్క బెడ్డు ఆయనకు తెలిసేటప్పటికి వాపస్ డయాలసిస్‌కే పోయిండు.

మర్రిగూడ_మాస్టారు
అందరూ ఎలుకలు, పందుల కాడ ఆగిపోయిండ్రు. నా ఛాతిలో పేస్‌మేకర్ ఉంది, ఇది కూడా లోపల ఉండి బయటికి మాట్లాడే మెషినే కదా. మంచం పక్కన ఒక డబ్బా ఇచ్చారు, రాత్రి నేను పడుకున్నంక ఇది దానికి, అది ఆస్పత్రికి ఖబర్ పంపుతదట. మా ఊర్లో సిగ్నల్ ఇంట్లో రాదు, డాబా మీద వస్తది. అంటే నేను డాబా మీద పడుకుంటేనే నా గుండె ఆస్పత్రికి తెలుస్తది, ఎండాకాలం మాత్రమే నేను సేఫ్. ఇంకో సంగతి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు పోయిన తరం మాది, భగీరథ నీళ్లు వచ్చినంక పిల్లలకు నయం గని మా ఎముకలు వెనక్కి రావు. మోకాలు మార్పిస్తే దాంట్లోనూ సెన్సర్ ఉన్నది వచ్చిందని మనవడు చూపించాడు, 2021లో అమెరికాలో అనుమతి ఇచ్చారట. ఎన్ని అడుగులు నడిచారు, మోకాలు ఎంత వంగింది చెప్తదట. అడుగులు లెక్కపెట్టడానికి మోకాలి లోపల మెషిన్ ఎందుకయ్యా, మా ఆవిడ ఉంది కదా, ‘ఇవ్వాళ కదలనే లేదు’ అని చెప్పడానికి.

వనపర్తి_వాణి
మాస్టారూ మీ ఆవిడ బ్యాటరీ ఎన్నేండ్లు వస్తది 😄

మర్రిగూడ_మాస్టారు
41 ఏండ్ల నుంచి ఒక్కసారి ఛార్జింగ్ పెట్టలేదమ్మా.

వనపర్తి_వాణి
మా అత్తమ్మకు షుగర్, చేతికి బిళ్ల అతికిస్తం, 14 రోజులకొకటి మార్చుడు, చెమటకు ఊడిపోతది, ఊడితె పైసలు పాయె. అమెరికాల మొత్తంగ చర్మం కింద పెట్టేది ఉంది, ఎవర్‌సెన్స్ అని, మోచేతి పైన డాక్టర్ చిన్న గాటు పెట్టి లోపలికి తోస్తడు. ముందు 90 రోజులు, తర్వాత 180, 2024ల ఏడాది పనిచేసేదానికి అనుమతి వచ్చింది. లోపల బ్యాటరీ ఉండదంట, పైన చర్మం మీద ఒక బిళ్ల పెట్టాలె, అదే కరెంటు ఇస్తది, అదే రీడింగ్ తీస్కుంటది. మరి అంతా లోపలే పెడ్తం అనేటోళ్లు పైన మళ్ల బిళ్ల ఎందుకు పెడుతుండ్రు రాజన్నా? బ్లూటూత్ ఏస్తె అయిపాయె కద.

సర్క్యూట్_రాజు
ఇదే అసలు ప్రశ్న, కొంచెం పెద్దగా రాస్తా, ఓపిక లేనోళ్లు దాటేయండి. మన ఒళ్లు అంటే ఉప్పునీళ్ల సంచి. బ్లూటూత్, వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని నీళ్లు బాగా మింగేస్తాయి, ఎంత లోతుకు పోతే అంత నష్టం. అందుకే లోపలి పరికరాలకు వేరే దారులు. ఒకటి 402 నుంచి 405 మెగాహెర్ట్జ్, ఇంప్లాంట్ల కోసమే పక్కకు పెట్టిన పట్టీ, అక్కడ ఒంట్లోంచి కాస్త నయంగా బయటికి వస్తది. ఇంకోటి తీగచుట్ట, మెట్రో కార్డు గేటుకు ఆనిస్తే కార్డుకు బ్యాటరీ లేకున్నా పనిచేస్తది చూడు, అట్లా. చర్మం కింద ఉన్నదానికి సరిపోతది, కిడ్నీ లోతుకు అంత తేలిక కాదు. మూడోది సప్పుడు, అల్ట్రాసౌండ్. 2016లో అమెరికా బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లు ఇసుక రేణువు అంత చిన్నది ఒకటి చేశారు, ‘న్యూరల్ డస్ట్’ అని, బయట నుంచి అల్ట్రాసౌండ్ కొడితే దానికి కరెంటు పుడతది, తిరిగి వచ్చే ప్రతిధ్వనిలో నరం కబురు ఉంటది. ఇక బ్యాటరీ. పేస్‌మేకర్ లోపల సగం జాగా బ్యాటరీదే. 1972 నుంచి లిథియం అయోడిన్ బ్యాటరీలు వచ్చినంక గానీ వాటికి చాలా ఏండ్ల ఆయుష్షు రాలే, 1958లో స్వీడన్‌లో మొదటి మనిషికి పెట్టినది కొన్ని గంటలే పనిచేసింది. ఆయన మొత్తం 26 దాకా పెట్టించుకొని 2001 దాకా బతికాడు, కనిపెట్టిన ఇంజనీరు, పెట్టిన సర్జన్ ఇద్దరూ పోయినంక కూడా. అయితే వీటన్నిటికన్నా పెద్ద తలనొప్పి రేడియో కాదు. ఒంట్లోకి పరాయి వస్తువు పోతే ఒళ్లు దాని చుట్టూ మచ్చ కండతో గోడ కట్టేస్తది, ముల్లు విరిగితే చుట్టూ గట్టిపడ్డట్టు. గోడ కట్టినంక సెన్సర్ చూసేది కండను కాదు, గోడను.

బర్రెల_బాలన్న
ముల్లు సంగతి కరెక్ట్. తుమ్మ ముల్లు నా మడమల ఇప్పటికీ ఉంది, రెండేండ్లాయె. అదీ ఇంప్లాంటే.

ఐసీయూ_సిస్టర్
రాజు గారు, ఫ్లాప్‌కు ఆ గోడ బాధ తక్కువ, మాకు కావాల్సింది వారం రోజులే. అందుకే నాకు నచ్చేది కరిగిపోయేది. రక్తనాళం చుట్టూ పెట్టి వారాలు అయినంక అదే కరిగిపోయేటట్టు ఏదో చేసిండ్రని విన్న, తీసే పని ఉండదు. వైరు లాగేటప్పుడు కుట్టు మీద గుంజుడు పడ్తదేమో అని మా గుండె మా చేతుల ఉండదు.

సర్క్యూట్_రాజు
అవును, స్టాన్‌ఫర్డ్‌ది, 2019. ధమని చుట్టూ చుట్టే పట్టీ, బ్యాటరీ లేదు, నాడి కొట్టినప్పుడల్లా ఒత్తిడి మారితే బయట తీగచుట్టకు తెలుస్తది. అదీ ఎలుకలకే పెట్టారు.

కోదాడ_కుర్రోడు
ఎవడైనా హ్యాక్ చేస్తే? సీరియస్‌గా అడుగుతున్నా. అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు డిక్ చెయినీ గుండెలో పరికరానికి వైర్‌లెస్ ఆపేయించారని ఆయనే 2013లో టీవీలో చెప్పాడు. 2017లో అక్కడే దాదాపు 4,65,000 పేస్‌మేకర్లకు సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది, భద్రతలో బొక్క దొరికిందని.

మర్రిగూడ_మాస్టారు
నన్ను హ్యాక్ చేస్తే ఏమొస్తది నాయనా, పెన్షన్ ఒకటో తారీకు వస్తది, మూడో తారీకుకు అయిపోతది. నా భయం వేరే. పోయినంక దహనం చేసే ముందు ఇది తీసేయాలట, లేకుంటే మంటకు బ్యాటరీ పేలుతది. కొడుకుకు చెప్పి కాయితం మీద రాసి బీరువాలో పెట్టిన. చితి మీద పటాకులు కాలిస్తే ఊరోళ్లు పండుగ అనుకుంటరు.

వనపర్తి_వాణి
ఏం మాటలు మాస్టారూ పొద్దుపొద్దున.

మోడరేటర్
‘ఒంటికి చిప్ స్టిక్కర్, 4,999కే అన్ని రోగాలు ముందే తెలుస్తయి, నల్లగొండ, మహబూబ్‌నగర్ ఫ్రీ డెలివరీ’ అని ఒకాయన పెట్టిన మూడు పోస్టులు తీసేసిన. ఫోన్ చేసినోళ్లు ఎవరన్న ఉంటె పైసలు పంపకుండ్రి.

పాలమూరు_పిలగాడు
బాలన్న చెవి బిళ్లే నయం, అది ఫ్రీ.

దేవరకొండ_సీను
రాత్రి ఆగమాగం అయింది, ఇప్పుడు రాస్తున్న. రెండింటికి అవ్వ నన్ను లేపింది, ‘చెంప వంకాయ రంగు తిరుగుతుందిరా’ అని. నేను చూసి ట్యూబులైటుకు అట్ల కనిపిస్తుందే, పండు అన్న. మూడింటికి సిస్టర్ వచ్చి సూది గుచ్చింది, నల్లటి రక్తం బుసబుస వచ్చింది. పది నిమిషాలల్ల డాక్టర్, అరగంటల థియేటర్. సిరల గడ్డ అట. తీసేసి మళ్ల కుట్టిండ్రు, తెల్లారి ఏడింటికి బయటికి తెచ్చిండ్రు. రంగు మంచిగుంది, ఇప్పుడైతె. నేను అవ్వ చెప్పినప్పుడే లేచి పిలుస్తె గంట ముందు అయ్యేది. అదే తిరుగుతుంది బుర్రల.

ఐసీయూ_సిస్టర్
తమ్మీ గంట లోపల దొరికింది, అది మంచి టైమే. అట్ల అనుకోకు. రంగు రాత్రి లైటుకు మాకే తెల్వదు, అందుకే సూది. ఈ 24 గంటలు మళ్ల మొదటి రోజు లెక్కనే చూడమను. ఆ దిక్కు తల తిప్పకుండ, మెడకు పైపు దారం బిగుసుకోకుండ చూసుకో, సిర మీద ఒత్తుడు పడ్డా గిట్లనే అయితది. అవ్వకు నా దండం చెప్పు.

సర్క్యూట్_రాజు
సీను అన్నా, నాయిన బాగుండాలి. అయితే నేను అనేది ఇదే, ఆ పుల్ల ఉంటే రెండింటికే ఫోన్ మోగేది, అవ్వను అనుమానించే పని ఉండదు.

ఐసీయూ_సిస్టర్
మోగేది, నిజమే. దాంతోపాటు ఒంటిగంటకు, ఒకటిన్నరకు, మనిషి దగ్గినప్పుడు, పక్కకు తిరిగినప్పుడు కూడా మోగేది. డాప్లర్ పట్టీ కదిలి సప్పుడు ఆగితె ఏమీ లేకున్నా మెడ మళ్ల తెరిచిన కేసు నేనే చూసిన. ఐసీయూల పది మెషిన్లు మోగుతుంటె పదకొండోది చెవికి ఎక్కదు రాజు గారు, ఎవ్వలు కూడా. మెషిన్ వద్దంటలే. అది వస్తె సిస్టర్ అక్కర్లేదని ఇంకొన్ని బెడ్లు నెత్తిన పెట్టేది మాకే.

కల్వకుర్తి_కిడ్నీ
ఇద్దరిదీ కరెక్టే, కొట్లాడకుండ్రి. నాకైతె ఒట్టిగ మోగినా పర్వాలె, మోగాలె. ఇంటికాడ గంటకోసారి నన్ను సూసే సిస్టర్ ఎవ్వలు లేరు.

వనపర్తి_వాణి
నిజం. ఆస్పత్రిల పడుకున్నోళ్లకు ఒక లెక్క, ఊర్ల ఉన్నోళ్లకు ఒక లెక్క. వస్తె ధర సంగతి గూడ చూడాలె. స్టెంట్లకు 2017ల సర్కారు ధర కట్టడి చేసినంకనే మా మామయ్యకు ఏసుకోగలిగినం.

బర్రెల_బాలన్న
సీనూ, సిరల రక్తం నిలిస్తె జలగలు పెడ్తరంట నిజమేనా? మా తాత పెట్టేటోడు, మేం నవ్వేటోళ్లం.

ఐసీయూ_సిస్టర్
నిజమే బాలన్నా, థియేటర్‌కు తీస్కపోయి లాభం లేనప్పుడు నిలిచిన రక్తం గుంజేతందుకు పెడ్తరు. అమెరికాల 2004ల జలగను మెడికల్ డివైస్ కింద ఒప్పుకున్నరు, నవ్వులాట కాదు.

బర్రెల_బాలన్న
గట్ల చెప్పు. వైర్‌లెస్, బ్యాటరీ లేదు, సిగ్నల్ అక్కర్లేదు. మా చెరువుల మస్తున్నయి.

కోదాడ_కుర్రోడు
హ్యాక్ కూడా చేయలేరు.

దేవరకొండ_సీను
నవ్వొచ్చింది చాన్నాళ్లకు. శనివారం ఇది: రంగు మంచిగనే ఉంది, గుచ్చితె ఎర్రగ వస్తుంది, రేపటి సంది రెండు గంటలకోసారి చూస్తమన్నరు. అవ్వకు మంచం పక్కన కుర్చీ ఏపిచ్చిన, చిన్న టార్చి కొనిచ్చిన, సిస్టర్ చేసినట్టే ఒత్తి రెండు లెక్కవెట్టుడు నేర్చుకుంది, సిస్టర్ లేటయితె డెస్కు కాడికి తనే పోతది. నాయిన పొద్దుగాల పలక అడిగిండు. ‘సూది ఎప్పుడు’ అని రాసిండు. ఎందుకే అంటె, ‘రాకుంటె భయమైతుంది’ అని దాని కింద రాసిండు.